పెంచిన మోతాదు

"అమ్మా, మొన్నటి మోతాదు ఇవాళ సరిపోవట్లేదు. డాక్టరమ్మతో ఒక్కమాట చెప్పవూ?"

ఏడో మంచం పెద్దాయన అలా అడగడం మూడోసారి.

నర్సుకి చిర్రెత్తుకొచ్చింది. క్యాన్సర్ వార్డుకి కొత్తగా వచ్చింది. మార్ఫిన్ అంటేనే ఆమెకి గుబులు.

"నాలుగు గంటలకోసారే తాతగారూ. ముందే ఇస్తే అలవాటైపోతుంది."

"ఎముకల్లో నొప్పమ్మా. రెండో గంటకే మొదలవుతోంది."

"చూద్దాం లెండి."

చూడలేదు. డాక్టరమ్మకి చెప్పనూ లేదు. పైగా, "మందు రుచి మరిగాడు" అని ఆయాతో అంది.

పెద్దాయన మళ్లీ అడగలేదు. గోడవైపు తిరిగి, దుప్పటి కొస పళ్లమధ్య బిగబట్టి పడుకున్నాడు.

రెండ్రోజులకి రౌండ్స్‌కొచ్చిన డాక్టరమ్మ ఆ కొస చూసింది. పళ్లగాట్లతో పీలికలై ఉంది.

"ఈయనకి మందు చాలట్లేదని చెప్పరేం?"

"అలవాటు పడ్డారేమోనని..." నర్సు నసిగింది.

డాక్టరమ్మ ఆమెని వరండాలోకి తీసుకెళ్లింది.

"నరాల కణాల మీద ఈ మందు అతుక్కునే చోట్లుంటాయి. రిసెప్టర్లంటాం. మందు అక్కడ కూర్చుంటే నొప్పి కబురు మెదడుదాకా సరిగ్గా చేరదు. రోజూ కూర్చుంటుంటే కొన్ని మొద్దుబారతాయి, కొన్ని కణం లోపలికి వెళ్లిపోతాయి. అప్పుడు పాత మోతాదు ఆనదు. అది ఆయన తప్పా?"

"కాదు మేడమ్."

"వ్యసనం వేరు, ఇది వేరు. పైగా జబ్బు ముదిరింది. మోతాదు పెంచి రాసిస్తాను, వెంటనే ఇవ్వు."

ఇచ్చింది. గంట తిరక్కుండానే పెద్దాయన నొసటి ముడతలు విడిపోయాయి.

"హాయిగా ఉంది తల్లీ. నీ కడుపు చల్లగుండ!"

ఆమె తలెత్తలేకపోయింది. తప్పయిందని చెప్పాలనుకుంది. అంతలో పక్క మంచం వాళ్లు పిలిచారు. రేపు చెబుదాంలే అనుకుంది.

మర్నాడు వచ్చేసరికి ఏడో మంచం ఖాళీ. పరుపు ఎండలో ఆరుతోంది.

మిగిలిన మందు తిరిగి అప్పగించడానికి మందుల గదికి వెళ్లింది. సెలవు ముగించుకుని ఆ రోజే వచ్చిన ముసలి ఫార్మసిస్టు సీసా మీద పేరు చదివి, కళ్లజోడు తీసేశాడు.

"ఈయన మన వార్డులోనే ఉన్నాడా? నాకెవరూ చెప్పనేలేదే!"

"మీకు తెలుసా?"

"ఈయన భార్యకీ ఇదే జబ్బు. అప్పట్లో ఈ ఆసుపత్రిలో మార్ఫిన్ చుక్క కూడా లేదు. అరిచి అరిచి పోయిందావిడ."

ఫార్మసిస్టు సీసాని జాగ్రత్తగా అలమరలో పెట్టాడు.

"తర్వాత పదకొండేళ్లు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, ఈ మందుకి ఇక్కడ అనుమతి తెప్పించింది ఆయనేనమ్మా."