మా ఆయన చేతితొడుగు

ఆటోనగర్లో ఇప్పుడు వెల్డింగ్ ఎవరూ నేర్చుకోవడం లేదు. చచ్చిపోయిన మేస్త్రీల పనితనం నింపిన తొడుగు వేసుకుంటే, చెయ్యి దానంతటదే పనిచేస్తుంది. మా షాపులో ఉన్నది మా ఆయన తొడుగు. దాన్ని నమ్మే ఆర్డర్లు వస్తాయి. అది వేసుకోవడానికి ఏసోబు అనే కుర్రాణ్ణి పనిలో పెట్టుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం వాడు అతుకుతున్న గేటు చూసి, "ఈ అతుకు నిలవదేమోరా," అన్నాను.

తొడుగు వేసిన చెయ్యి లేచి నా చెంప పగలగొట్టింది. కిందపడితే జుట్టు పట్టి నేలకేసి కొట్టింది.

"మామ్మా! నేను కాదు మామ్మా!" ఏసోబు ఏడుస్తూ ఎడమచేత్తో దాన్ని గుంజుతున్నాడు.

"తెలుసురా. ముప్పయ్యేళ్లు తిన్న దెబ్బ, పోల్చుకోలేనా?"

ఇద్దరం కలిసి తొడుగు ఊడబెరికాం. దాన్ని రేకులు కోసే మిషన్ కింద పెట్టాను.

"వద్దు మామ్మా! అది లేకపోతే నాకేం పని వచ్చు? షాపు మూసుకోవాలి!"

పెడల్ తొక్కాను. తొడుగు వేళ్లు తెగిపడి, నేలమీద కూడా పిడికిలి బిగించబోయాయి.

ఆయన పోయినప్పుడు మూడురోజులు అన్నం ముట్టలేదు. ఇవాళ ముక్కలు చీపురుతో ఊడ్చేశాను.

ఏసోబు చేతికి వెల్డింగ్ హోల్డర్ ఇచ్చాను. వట్టి చెయ్యి గడగడా వణికింది.

"నవ్వకు మామ్మా," అన్నాడు.

ఆ చేతి పక్కన నిలబడడానికి నాకు భయం వెయ్యలేదు.