నలభై వాటాల సర్వర్

కోడల్ని సాధించడానికి గొంతు అవసరం లేదని రోసమ్మకు ఆపరేషన్ చేసిన డాక్టర్లకు తెలిసినట్టు లేదు.

మాట పోయిన వారానికే ఆవిడ ఒక స్టీలు పళ్లెం, ఒక గరిటె సంపాదించింది. ఒకసారి కొడితే టీ. రెండుసార్లు కొడితే టీలో పంచదార చాల్లేదు. ఆపకుండా కొడితే వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదు.

ఆ వెబ్‌సైట్ చూసుకునేది కోడలు ప్రిసిల్లా.

రోసమ్మ ముప్పై ఏళ్లు చర్చి క్వయర్ నడిపింది. ఆపరేషన్‌కు ముందు కొడుకు ప్రభుదాస్ ఆవిడ చేత పాటలన్నీ పాడించి రికార్డు చేశాడు. ఆడియో, వీడియో కలిపి అరవై మూడు క్లిప్పులు. ఎవరెవరు ఏ వరస పాడాలో విడివిడిగా, "ఇక్కడ ఊపిరి తీసుకోండి, అక్కడ అరవకండి" అనే తిట్లతో సహా. ఇప్పుడు క్వయర్ నేర్చుకునేది వాటిని వినే. రోసమ్మకు మిగిలిన గొంతు కూడా అవే.

ఆ క్లిప్పులున్న వెబ్‌సైట్‌ను పెట్టింది షేర్డ్ సర్వర్ మీద. అంటే నలభై వాటాల ఇంటికి ఒకటే పంపు. పక్కవాటా వాళ్లు బిందె పెడితే మన ధార సన్నబడుతుంది.

ఆ నెలలో ధార మరీ సన్నబడింది. పళ్లెం మోగుతూనే ఉంది.

ఎవరెవరు ఏం దించుకుంటున్నారో ప్రిసిల్లా తెరిచి చూసింది. ప్రతి ఆదివారం, అందరూ చర్చికి తయారయ్యే వేళకు, ఒకే చోటి నుంచి ఎవరో అరవై మూడూ లాగేస్తున్నారు!

చిలకలగూడలో ఆ సర్వర్ నడిపే విజయేందర్‌కు ఫోన్ చేసింది.

"ఎవరండీ ఆ దొంగ?"

"దొంగ కాదు మేడమ్, బ్రహ్మచారి అని ఒక సారు. మల్కాజ్‌గిరిల ఉంటడు, మన కస్టమరే. గాయన సంగతేందంటే..."

"సంగతులు నాకొద్దు. నంబరివ్వండి."

అవతల ఎవరో పెద్దాయన నింపాదిగా ఎత్తాడు.

"మా అత్తయ్య పాటలు మీకెందుకండీ?" అంది ప్రిసిల్లా.

"ఓ, రోసమ్మగారి కోడలా! బాగ పాడుతదమ్మా. నాకు పాట గురించి తెల్వదు గానీ..."

"తెలియనప్పుడు ఎందుకు దించుకుంటున్నారు?"

"దాస్తున్నమ్మా."

"దాచి? ఎక్కడ అమ్ముకుందామని?"

"అమ్ముడేందమ్మా! జెర నా మాట విను..."

"వినను. మీలాంటివాళ్ల వల్లే మా సైట్ నడవడం లేదు. అన్నీ తీసెయ్యండి. తీసేసినట్టు ఫోటో పంపండి. లేదంటే పోలీస్ స్టేషన్లో మాట్లాడుకుందాం."

అవతల కుర్చీ జరుపుకున్న చప్పుడు వినబడింది.

"మీ ఇంటి పాటలు, మీ ఇష్టం. తీసేస్తనమ్మా."

పది నిమిషాల్లో ఖాళీ ఫోల్డర్ ఫోటో వచ్చింది. ప్రిసిల్లా దాన్ని కప్పు గెలిచినట్టు అత్తకు చూపించింది.

రోసమ్మ పళ్లెం ఒకసారి కొట్టింది. టీ.

మూడు వారాల తర్వాత పళ్లెం ఆగకుండా మోగింది.

"సర్వర్ డిస్కు కాలిపోయింది మేడమ్," అన్నాడు విజయేందర్ ఫోన్లో. "అందరివీ పోయినయ్."

"మీ దగ్గర కాపీ ఉంటుంది కదా!"

"ఎవరి కాపీ వాళ్లే పెట్టుకోవాలని ఫారంల రాసినం మేడమ్."

ప్రిసిల్లా భర్త మీదికి తిరిగింది. "ఏమండీ, మీ ఫోన్లో ఉన్నాయి కదూ?"

"సర్వర్లో ఉన్నాయి కదా అని తీసేశాను," అన్నాడు ప్రభుదాస్.

ఆ పూట అతనికి అన్నం వడ్డించినవాళ్లు లేరు.

నాలుగో రోజుకు పక్కవాటాల సైట్లన్నీ తిరిగొచ్చాయి. పచ్చళ్ల వాళ్లది, డ్రైవింగ్ స్కూలుది, పెళ్లి సంబంధాల వాళ్లది. రోసమ్మది తప్ప.

ప్రిసిల్లా ఆటో ఎక్కి చిలకలగూడలో దిగింది.

"పచ్చళ్లు దొరికాయి గానీ మా అత్తయ్య గొంతు దొరకలేదా? మేం మీ కంటికి మనుషుల్లా కనబడడం లేదా?"

"నన్నెందుకు తిడ్తరు మేడమ్? నా దగ్గరేం దొరకలే. ఒక పెద్దమనిషి ఇంట్ల దొరికినయ్. రైల్వే సిగ్నల్లల్ల పనిచేసి రిటైరైండు. ఒకటి తెగితే ఆదుకోనీకి ఏ పనికైనా రెండో తీగ ఉండాలంటడు. ఆరేండ్ల సంది ఆదివారం ఆదివారం అందరివీ కాపీ తీసి పెడ్తుండు, ఎవరూ అడగకున్నా. నిన్న డిస్కు సంచిల పెట్టుకొని ఎంఎంటీఎస్ రైల్ల వచ్చిండు."

"మరి మాది?"

"మీ ఫోల్డర్ ఒక్కటే ఖాళీ. ఏందీ సారూ అంటే, వాళ్లింట్ల వద్దన్నరన్నడు. ఎవరన్నదీ చెప్పలే."

ప్రిసిల్లా ఆ పెద్దమనిషి పేరు అడగలేదు.

ఇంటికొచ్చేసరికి రోసమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. వెనక ప్రభుదాస్, నాలుగు రోజులుగా ఆ ఇంటి నేరస్థుడు.

"ఏమన్నాడు?" ఆశగా అడిగాడు. "తప్పు వాడిదేనని ఒప్పుకున్నాడా?"

ప్రిసిల్లా చెప్పులు విప్పలేదు. అత్త మొహంలోకే చూసింది.

"మీ గొంతును ఇన్నాళ్లూ దాచిపెట్టింది బ్రహ్మచారిగారు అత్తయ్యా. దొంగ అని తిట్టి, నేనే తీయించేశాను. తప్పు నాది."