వెనక తలుపు ప్రశ్న

“బస్సుల్లో వెనక తలుపుకి అడ్డంగా బిగించిన సీట్లు ఎప్పుడు పీకిస్తారు, అధ్యక్షా?”

ప్రతిపక్షం చివరి వరసలోంచి ఆ ప్రశ్న లేవగానే సభ గొల్లుమంది.

అడిగినవాడు ముల్లుకర్ర. పార్లమెంటులో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. సమావేశాలు మొదలైన దగ్గర్నుంచీ వారం వారం ఇదే ప్రశ్నతో పొడుస్తున్నాడు.

“పాపం, ఆయనకి ముందు తలుపు ఎవరూ తీయడం లేదేమో,” అని ఎవరో అందించారు. మళ్ళీ నవ్వులు.

రవాణా మంత్రి మాత్రం నవ్వలేదు.

మంత్రి అయిన కొత్తలో ఆమె నడిరోడ్డు మీద కాలిపోయిన బస్సొకటి చూసింది. ప్రమాదంలో తెరుచుకోవాల్సిన తలుపు వెనక ఉండనే ఉంది. నాలుగు టికెట్లు ఎక్కువొస్తాయని దానికి అడ్డంగా సీట్లు బిగించారు. తలుపు దాకా వచ్చినవాళ్ళు కూడా బయటపడలేదు.

ఆ సీట్లు తీయించి తీరాలని ఆమె ఆ రోజే పట్టుబట్టింది. ఇలాంటి ముసాయిదా పాతదొకటి ఉందంటూ ఆమె కార్యదర్శి ఎక్కణ్ణుంచో దుమ్ము దులిపి తెచ్చాడు. ఆ మంత్రి గదిలోనే నలుగురు మంత్రుల దగ్గర పనిచేసిన మనిషి ఆయన. కానీ ఆ ఫైలు ఏ బల్ల మీదకి వెళ్ళినా తిరిగి తిరిగి మొదటి బల్లకే వస్తోంది. బస్సుల యజమానుల సంఘానికి చేతులు అంత పొడుగు.

ఆ సంగతి సభలో చెప్పుకోవడానికి లేదు. అందుకే ఆమెకి ఒళ్ళు మండింది.

“ఇదే కుర్చీలో తమరూ కూర్చున్నారు కదండీ. అప్పుడు ఎన్ని సీట్లు పీకించారు?”

అధికార పక్షం బల్లలు చరిచింది.

“ఒక్కటీ పీకించలేదు, అధ్యక్షా,” అన్నాడు ముల్లుకర్ర తాపీగా. “అందుకే అడుగుతున్నాను. తేదీ చెప్పమనండి.”

పైన విలేకరులు కలాలు పట్టుకుని చూస్తున్నారు. తప్పించుకునే దారి లేదు.

“ముసాయిదా ఈ నెలాఖరుకల్లా ప్రకటిస్తాం,” అనేసింది.

గదికి రాగానే ఆ కోపమంతా కార్యదర్శి మీద చూపించింది. ఆ ముల్లుకర్రకి నామీద ఏం పగ అంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ ఒక్క మాటే అన్నాడు. మంత్రి సభలో ఇచ్చిన హామీ తప్పితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది అధికారులేనని.

మర్నాటికల్లా సంతకాలన్నీ పూర్తయి ఫైలు ఆమె బల్ల మీద ఉంది.

తర్వాతి వారం ముల్లుకర్ర మళ్ళీ లేచాడు. ముసాయిదా మీద అభ్యంతరాలు ఎప్పుడు వింటారన్నాడు. ఆమె పళ్ళు కొరుకుతూ ఇంకో తేదీ చెప్పింది. ఫైలు ఇంకో మెట్టెక్కింది.

ఒకరోజు లాబీలో ఆయనే ఎదురొచ్చాడు.

“భోజనం చేశావామ్మా?”

“మీ ప్రశ్నలతోనే కడుపు నిండిపోయింది.”

ఆయన పడీ పడీ నవ్వాడు. “ఇంకొక్కటే ఉంది. సోమవారం. అదే ఆఖరు. అందాకా తిట్టుకుంటూ ఉండు.”

ఆ ఆఖరు ప్రశ్న సభకి రాలేదు. ఆదివారం తెల్లవారేసరికి ముల్లుకర్ర నిద్రలోనే పోయాడు.

సోమవారం సభ లేచి నిలబడి మౌనం పాటించింది. సభ్యుడు పోతే ఆయన పేరు మీదున్న ప్రశ్న కూడా రద్దవుతుంది. అది నియమం.

సాయంత్రం యజమానుల సంఘం అధ్యక్షుడు తేనె పూసిన గొంతుతో వచ్చాడు.

“ఇక అడిగే నాథుడు లేడు కదమ్మా. తుది ఉత్తర్వు వచ్చే ఏడాది చూసుకుందాం. మునిగిపోయిందేముంది?”

అతన్ని పంపించేసి ఆమె ఫైలు ఏదని ఆరా తీసింది. న్యాయశాఖకి పంపామన్నారు. అక్కడ అడిగితే మాకు అందలేదన్నారు. నిన్నటిదాకా పరిగెత్తిన ఫైలు మళ్ళీ చతికిలబడింది.

అప్పుడు వెలిగింది ఆమెకి. ముల్లుకర్ర పొడిచినప్పుడల్లా నొప్పి తనకే అనుకుంది. కదిలింది మాత్రం ఫైలు.

మర్నాడు ప్రశ్నోత్తరాల సమయంలో ఎవరూ అడగకుండానే ఆమె లేచి నిలబడింది.

“మంత్రిగారూ, ఆ ప్రశ్న రద్దయింది,” అన్నాడు సభాపతి.

“తెలుసు, అధ్యక్షా. జవాబు మిగిలిపోయింది. చెప్పనివ్వండి.”

సభాపతి తలాడించాడు.

“వచ్చే ఒకటో తారీఖు నుంచి వెనక తలుపుకి అడ్డంగా సీటున్న ఏ బస్సూ రోడ్డెక్కదు.” ఆమె చివరి వరసకేసి చూసింది. “ఈ మాట నాచేత చెప్పించింది ఆయనే. పోయిన వారమే దణ్ణం పెట్టాల్సింది. తిట్టుకుంటూ కూర్చున్నాను.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆమె గదికి వచ్చేసరికి ఫైలు ఆమెకంటే ముందే వచ్చి కూర్చుంది. సంతకం పెట్టి, కలం మూసి, కార్యదర్శి వైపు తిరిగింది.

“ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదండీ. ఇంత పట్టుదల ఉన్న మనిషి, మంత్రిగా ఉన్నప్పుడు చేతులు ముడుచుకుని ఎలా కూర్చున్నాడు?”

“కూర్చోలేదు మేడమ్. మీకు దులిపి తెచ్చిచ్చిన ముసాయిదా ఆయన రాయించిందే.”



“మరి నాకెందుకు చెప్పలేదు?” అంది.

“వద్దన్నారు. తెలిస్తే మీ మొహంలో కోపం పోతుందట. అది పోతే మీరిద్దరూ ఒకటేనని సంఘం వాళ్ళు పసిగడతారట.” ఆయన ఫైలు తాడు మెల్లగా ముడివేశాడు. “ఈ గదిలో ఉన్నన్నాళ్ళూ, సభకి బయల్దేరే ముందు రోజూ నన్ను అడిగేవారు మేడమ్. వెనక తలుపు గురించి ఇవాళైనా ఎవరన్నా ప్రశ్న వేశారా అని. ఆయన దిగిపోయేదాకా ఒక్కరూ వేయలేదు.”