వేషం తీసేసిన రోజు

ఎస్సై వేషంలో లాఠీ ఊపుకుంటా సాంబశివరావు వాకిట్లోకి పోయాను. పగటివేషగాళ్ళు వచ్చారని ఊరంతా మూగింది.

"ఏందయ్యా, శౌరిని సాగర్ కాలవలోకి తోయించింది నువ్వేనంటగా? పద స్టేషనుకి!" గొంతు లావు చేసి గద్దించాను.

జనం గొల్లున నవ్వారు. అసలు పోలీసులేమో శౌరి కాలుజారి పడి చనిపోయాడని రాసుకొని పోయారు.

సాంబశివరావుకి హుషారొచ్చింది. "అవున్రా, నేనే తోయించా! నా మీద నామినేషన్ ఏస్తాడా వాడు? ఏం పీకుతావో పీకు!" అన్నాడు మీసం దువ్వుతా.

మళ్ళీ నవ్వులు. నా చొక్కా జేబులో ఫోను అంతా రికార్డు చేస్తానే ఉంది. పళ్ళు కొరుక్కుంటా సెల్యూట్ కొట్టి వచ్చేశాను.

ఆఖరి రోజు వేషం లేకుండా వచ్చి ఈనాం అడగడం పగటివేషగాళ్ళ ఆనవాయితీ. వాళ్ళ దగ్గర ఖాకీ బట్టలూ మీసమూ అడిగి తెచ్చుకున్న నేనూ పోయాను, చీర కట్టుకొని.

"ఎవరే నువ్వు?" అన్నాడు, నా మొహంలోకి తేరిపార చూసి.

నాకు ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళు వాడి చేలో మిరపకాయలు కోసినదాన్ని!

కోతల్లో ఘాటు తగలకుండా కట్టుకున్నట్టే, కళ్ళు మాత్రం కనపడేలా తువ్వాలు మొహానికి చుట్టుకున్నాను.

అప్పుడు లేచాడు కుర్చీలోంచి. "నువ్వు... శౌరి పెళ్ళానివి! ఏం కావాలే నీకు?"

"ఈనాం. మొన్ననే ఇచ్చావుగా, నీ నోటితోనే. ఈపాటికి మాచర్ల దాకా అందరి ఫోన్లలో మోగుతోంది."