ఆకుపచ్చ గుండీ

లిఫ్టులో మీటల పక్కన అతికించి ఉన్న రంగురంగుల చొక్కా గుండీలను ఆవిడ పాత బ్లేడుతో ఒక్కొక్కటే గీకి పడేసింది.

లిఫ్టు తాత తన స్టూలు మీంచి లేచి, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

“ఉండనివ్వండమ్మా. ఎవరికీ అడ్డం లేవు కదా,” అన్నాడు.

“మా పాపకి అడ్డం. ఏడు నొక్కవే అంటే ఆకుపచ్చ గుండీ కోసం వెతుకుతోంది. మీరిలా గారం చేస్తే దానికి అంకెలెప్పుడొస్తాయి?”

“కొందరికి రావమ్మా.”

“రాకపోతే? మీలాగా లిఫ్టు నడుపుకుని బతకాలా?”

తాత వంగి, కింద పడ్డ గుండీలను ఏరి జేబులో వేసుకున్నాడు.

ఆవిడ చెడ్డదేం కాదు, విసిగిపోయిన తల్లి. ఈ ఇంట్లో దిగి మూడు నెలలే అయింది. మీటలు నొక్కేది తాతే కాబట్టి ఇన్నాళ్లూ అటు కన్నెత్తి చూడలేదు. మూడో తరగతి చదివే కూతురు కథల పుస్తకం ఇస్తే గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది. ఏడు పెద్దదా, తొమ్మిది పెద్దదా అంటే మాత్రం నీళ్లు నములుతుంది. చిలక్కి చెప్పినట్టు చెప్పి చూసింది. స్కేలుతో కొట్టీ చూసింది. లెక్కల్లో గట్టెక్కకపోతే మళ్లీ మూడులోనే కూర్చోబెడతామని బడివాళ్లు తేల్చేశారు.

ఆ వారం నుంచే లిఫ్టు తీరు మారిపోయింది. నాలుగు అన్నవాళ్లని తాత ఆరులో దించాడు. ఆరు అన్న ముసలావిణ్ణి రెండులో దించాడు. తాగొస్తున్నాడని ఒకరు, మతి పోయిందని ఇంకొకరు అన్నారు. మాన్పించేద్దామని అందరూ కాగితం రాస్తే ఆవిడా సంతకం పెట్టింది.

శనివారం తాత స్టూలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

నెల తర్వాత బడివాళ్లే పాపని ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆమె రెండు పూటలు రకరకాలుగా పరీక్షించింది. ఇది బద్ధకం కాదు, తెలివితక్కువా కాదు, లెక్కల దగ్గర మాత్రమే ఎదురయ్యే ఒక అభ్యసన లోపం అని చెప్పింది. అంకె కంటికి కనబడుతుంది గానీ అది ఎంత అన్నది మనసుకి అందదట. కొట్టినకొద్దీ భయం పెరగడం తప్ప లెక్క రాదట.

“చేత్తో తాకి చూసేవి ఇవ్వండి. రంగులు, గింజలు, గుండీలు. వాటి మీదుగా మెల్లగా అంకెల దగ్గరికి వస్తుంది. తొందరపెట్టకండి.”

గుండీలు అన్న మాట దగ్గర ఆవిడ చెవులు దిబ్బడేశాయి. ఆ తర్వాత చెప్పినవేవీ వినబడలేదు.

వస్తూ దారిలో గుండీలు, జిగురు కొంది. కాపలాదారుని అడిగితే, తాత గది ఖాళీ చేశాడని, ఆచూకీ తెలియదని చెప్పాడు. ఏడుపొస్తుందేమో అనుకుంది. రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయి ఉంది.

లిఫ్టులో, ఏ మీటకి ఏ రంగో పాప తడుముకోకుండా చెబుతుంటే ఆవిడ ఒక్కొక్కటే అతికించింది. ఏడు దగ్గర ఆకుపచ్చ.

“నీ కోసం తాత ఎంత ఆలోచించాడే,” అంది.

“నా కోసం కాదమ్మా. మనం రాకముందు నుంచీ ఉన్నాయి,” అంది పాప. “ఎవరికీ చెప్పనని ఒట్టేశాను గానీ, తాతకి కూడా నాలాగే అంకెలు తెలీవు.”