సముద్రం మింగిన వీధి

ఊరి పటం గీస్తున్న చరిత్ర టీచరుకు ఆ రాత్రి కాలు నిలవలేదు. ఎప్పుడో తాతల కాలంలో సముద్రం మింగేసిన వీధి, నీళ్లు ఎన్నడూ లేనంత వెనక్కి పోవడంతో బయటపడింది. టార్చి వేసుకుని, నాచు పట్టిన గడపలు లెక్కపెడుతూ పరుగులాంటి నడకతో సాగింది.

"అక్కా, నీళ్లు తిరిగొస్తున్నాయి, వచ్చెయ్!" ఒడ్డు నుంచి తమ్ముడు అరిచాడు.

"ఒక్క ఇల్లేరా! ఇది రాసుకుంటే వీధంతా పూర్తయినట్టే!"

చివరి గడప మీద చెయ్యి వేసింది. పొడిగా ఉంది, అప్పుడే తుడిచినట్టు. అవతల మొండిగోడలూ ఇసుకా తప్ప ఏమీ లేవు. ఉన్నట్టుండి అలల హోరు ఆగిపోయింది. తమ్ముడి కేకలూ వినిపించలేదు.

"ఇన్నాళ్లకు దారి తెలిసిందా తల్లీ? చెప్పులు అక్కడే విడిచి లోపలికి రా," అంది గోడల మధ్య నుంచి ఓ ముసలి గొంతు.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా, ఆ వీధిలో కాపురమున్నవాళ్లే పిలుస్తుంటే ఎలా ఆగుతుంది? చెప్పులు విప్పి, గడప దాటింది.