ఇల్లే

"ఇల్లే," అంది గంగే అనే ముసలామె.

బల్ల వెనక నగర పాలిక అధ్యక్షుడు ఆవులింత మధ్యలో ఆగాడు. ఆయన పక్కన కూర్చున్న ఇంజనీరు రామనర్సయ్య చటుక్కున ముందుకు వంగాడు. గని టౌన్‌షిప్‌కు కొత్త కాలనీ కట్టాలని వాగవతలి వాలును చూపించింది అతనే. ఆ వాలు మీదే ఈ రోజు పర్యావరణ సమీక్ష.

"విన్నారా సార్? ఇల్లే అంటోంది. అక్కడ ఆవిడకు ఇల్లు ఉందట," అన్నాడు హిందీలో. "ఈ మాటకు దుబాసీ కూడా అక్కర్లేదు. అచ్చ తెలుగు."

గుమాస్తా బుధ్రాం తల వంచుకుని రాసుకున్నాడు.

గోడ పక్కన నిలబడ్డ సీతారాములు నోరు తెరిచి, మళ్లీ మూశాడు. దుబాసీ అతనే. వాలులో నీకు ఇల్లుందా అని దొర్లీలో, కోయ మాటకు దగ్గరి చుట్టమైన ఆమె భాషలో, ఇప్పుడే అడిగింది అతనే. దొర్లీలో ఇల్లే అంటే లేదు అని అర్థం. గంగే గుడిసె వాగుకు ఇవతల ఉంది. వాలులో ఉన్నవి ఇప్పచెట్లు. వాటిని కొట్టొద్దని చెప్పడానికే ఆమె పొద్దున లేచి ఇంత దూరం నడిచి వచ్చింది.

దిద్దడం అతని పని. రెండు మాటలు చాలు. గని వచ్చినప్పటి నుంచి ఇలాంటి హాళ్లలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు దాటించీ దాటించీ, అతని నోరు అతనితో నిమిత్తం లేకుండా పని చేయడం నేర్చుకుంది. ఎవరి చేను పోయిందో, ఎవరు ఏడ్చారో ఇంటికి చేరేసరికి గుర్తుండేది కాదు. "ఇయ్యాల ఏమైంది?" అని భార్య సోమమ్మ అడిగితే "ఏమో" అనేవాడు. అది అబద్ధం కూడా కాదు.

అలాంటి నోరు ఇప్పుడు కదలనంది.

కిందటి సమీక్షలో గుడిసెల వరస ఒకటి అడ్డొస్తే రోడ్డునే పక్కకు జరిపారు. ఇల్లుందంటే వదిలేస్తారు. చెట్ల కోసం ఏదైనా జరపడం మాత్రం అతను ఇంతవరకు చూడలేదు.

గంగే అతని వైపు తిరిగింది. దొర్లీలోనే అంది: "ఏంది, నిలబడే నిద్ర పోతున్నవా? ఆళ్ల మాట నాకు మోస్తవు, నా మాట ఆళ్లకు మోస్తవు. అద్దె నోరు నీది. నీ మాట ఎట్లుంటదో ఒక్కనాడన్న విననీయవు."

"క్యా బోల్ రహీ హై?" అధ్యక్షుడు అడిగాడు.

"దాహంగా ఉందంటోంది సార్," అన్నాడు సీతారాములు హిందీలో.

"అయ్యో పాపం, నీళ్లివ్వండి," అన్నాడు రామనర్సయ్య నవ్వుతూ.

బుధ్రాం గ్లాసు తెచ్చిచ్చాడు. గంగే దాన్నీ, సీతారాములునీ మార్చి మార్చి చూసి, ఎందుకు ఇచ్చారో తెలియకుండానే తాగేసింది.

అబద్ధం ఆడాక లోపల ఏదో ఒకటి కదలాలి కదా అని సీతారాములు ఎదురు చూశాడు. భయమో, సంతోషమో. ఏమీ కదల్లేదు. తిమ్మిరెక్కిన కాలిని వేరెవరిదో అన్నట్టు తడిమి చూసుకున్నట్టుంది.

"దుబాసీ, నువ్వు చెప్పు," అన్నాడు అధ్యక్షుడు. "ఇల్లుందనేనా ఆమె చెప్పింది?"

రామనర్సయ్య కలం మూత తిప్పుతూ సీతారాములు ముఖంలోకి చూశాడు.

"జీ సార్. ఇల్లుందనే."

బుధ్రాం గంగే బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించాడు. దుబాసీ అని రాసిన చోట సీతారాములు సంతకం పెట్టాడు.

గుమ్మం దాకా ఆమెను తీసుకువెళ్లాడు.

"చెట్ల సంగతి చెప్పినవా?"

"చెట్లకేం కాదు, అవ్వా. నువ్వు ఇంటికి పో."

"నీ మాటగా చెప్పినవా, నా మాటగానా?"

"నా మాటగనే."

గంగే అతని గడ్డం కింద వేళ్లు పెట్టి కొంచెం పైకెత్తి చూసింది. "అద్దె నోరు అన్నందుకు ఏమనుకోకు," అని మెట్లు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఎర్రమట్టి దారిన నడిచి వెళ్లిపోయింది.

అతను హాల్లోకి తిరిగి వచ్చేసరికి అధ్యక్షుడు విసుగ్గా ఉన్నాడు. "అయితే ఆ వాలు వదిలేసుకోవడమేనా?"

"వదలడమేంటి సార్!" అన్నాడు రామనర్సయ్య. "అది అడవి కిందికి వస్తుందనే కదా ఇన్నాళ్లూ మనకు అనుమతి రాలేదు. మనిషి కాపురముంటే ఇక అడవి ఎక్కడిది? జనం ఉన్న నేల, ఆబాదీ. పైవాళ్లను అడగక్కర్లేదు, మన కౌన్సిలే ఇచ్చుకోవచ్చు. ఆ ఒక్క ఇంటికి బదులు కాలనీలో ఓ గది పడేద్దాం."

అధ్యక్షుడు పెద్దగా నవ్వి అతని వీపు తట్టాడు. బల్ల మీద ముద్ర పడిన చప్పుడు సీతారాములుకు పక్క గదిలోంచి వస్తున్నట్టు వినిపించింది. ఇల్లు లేదని ఆమె అన్న మాటను ఉన్నదున్నట్టు దాటించి ఉంటే, చెట్లు మిగిలేవి.

వరండాలో, జీపు ఎక్కబోతున్న రామనర్సయ్యకు అతను అడ్డం వెళ్లాడు.

"సార్, తప్పైంది. ఆమె ఇల్లుందనలే. దొర్లీల ఇల్లే అంటే లేదని సార్. ఆడ చెట్లే ఉన్నయి. నేను అప్పుడే చెప్పాల్సింది."

రామనర్సయ్య అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. సీతారాములు భుజం మీద చెయ్యి వేసి, హాల్లో మాట్లాడిన హిందీ వదిలేసి, ఊరి తెలుగులో మెల్లగా అన్నాడు:

"దుమ్ముగూడెంల కోయపిల్లలతోని ఆడి పెరిగినోణ్ణి, ఆ మాట నాకు తెల్వదా ఏంది? నువ్వు యాడ నోరు తెరుస్తవోనని నా పానం నా తాన లేదనుకో."